మా అన్నయ్య చెప్పిన దృష్టాంతం

మా అన్నయ్యను రేడియోలో వినని తెలుగిల్లు కెనడాలో మా బ్రాంప్టన్‌లో ఉందంటే నేను నమ్మను. మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకుంటూ వింటారు, గిట్టనివాళ్ళు తిట్టుకోవడానికి వింటారు. మొత్తానికి వింటారు. తెలుగువాళ్ళే కాదు, పంజాబీవాళ్ళూ తెల్లవాళ్ళూ కూడా పొద్దున్నే గోడౌన్లకీ ఆఫీసులకీ డ్రైవ్ చేస్తూ ఆ గొంతే పెట్టుకుంటారు. సరుకుల కొట్టులో నా కార్డు మీద పుట్టింటి పేరు చూసి, "రేడియో ఆయన మీకేమవుతారండీ?" అని అడిగేవారు. "మా సొంత అన్నయ్యండీ" అని గర్వంగా చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే సంచీ తీసుకుని వచ్చేస్తాను.

ఆ గొంతు ఇవాళ్టిది కాదు. కాకినాడ దగ్గర మా ఊరి చర్చిలో మైకు మొరాయించినప్పుడల్లా పాస్టర్ గారు అన్నయ్యనే లేపి వాక్యం చదివించేవారు. చివరి వరసలో కూర్చున్న చెవిటి ముసలమ్మ కూడా తలూపేది. "వీడికి దేవుడు ముందు గొంతు ఇచ్చాడు, బుర్ర సంగతి తీరిగ్గా చూస్తాడు" అని మా నాన్న వెక్కిరించేవాడు. కాలేజీకొచ్చేసరికి యూత్ మీటింగుల్లో అన్నయ్య ప్రసంగం ఉందంటే పక్క ఊళ్ళ నుంచి సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు.

మా ప్రసంగాలకు ఒక పద్ధతి ఉంది. ముందు వాక్యం చదువుతారు. తర్వాత ఎవరి జీవితంలోంచో ఒక కథ చెబుతారు, దాన్ని దృష్టాంతం అంటాం. చివర్లో జనం కళ్ళల్లోకి చూసి "మరి నీ సంగతేంటి?" అని అడుగుతారు. వాక్యం ఎవరైనా చదవగలరు. దృష్టాంతం చెప్పడంలో మాత్రం అన్నయ్య తర్వాతే ఎవరైనా. ఫలానా మనిషి అని ఎన్నడూ అనేవాడు కాదు. "మన మధ్యనే కూర్చున్న ఒక సహోదరి..." అని ఆపేవాడు. ఇంక చూడండి, ఆడవాళ్ళందరూ మెడలు తిప్పి ఒకళ్ళనొకళ్ళు చూసుకునేవాళ్ళు. నేనూ చూసేదాన్ని. భలే ఉండేది.

కెనడాకి ముందు అన్నయ్యే వచ్చాడు. వెనకాల వదిన, తర్వాత కొన్నేళ్ళకు మేము. మొదట గోడౌన్‌లో పెట్టెలు మోశాడు, తర్వాత ట్రక్కుల కంపెనీలో డిస్పాచ్. రోజంతా డ్రైవర్లతో ఫోన్లో అరిచే పని. మా చర్చివాళ్ళు ఒక రేడియో స్టేషన్లో ఆదివారం పూట కొద్దిసేపు తెలుగు ప్రసంగానికి టైము తీసుకుంటే, గొంతు బాగుందని అన్నయ్యను పంపారు. ఆ స్టేషన్ మేనేజరు తెల్లాయన. ఒక్క ముక్క తెలుగు రాదు, అయినా అద్దం అవతల నిలబడి చివరిదాకా విన్నాడట. బయటికి రాగానే "ఇదే ఇంగ్లిష్‌లో మాట్లాడగలవా?" అని అడిగాడట. అలా మొదలైంది.

మొదట్లో కుటుంబం, పిల్లల పెంపకం అని మంచి మాటలే. తర్వాత పెట్రోలు మీద వేసే కార్బన్ టాక్స్ వచ్చింది, స్కూళ్ళలో ఏం నేర్పుతున్నారన్నది వచ్చింది, ఆ తర్వాత దొడ్డిదారిన దేశంలోకి వచ్చేవాళ్ళ సంగతి వచ్చింది. ఇక అక్కడే ఉండిపోయాడు. యూనివర్సిటీ పిల్లలు అట్టలు పట్టుకుని స్టేషన్ ముందు నినాదాలు చేశారు. ఒక సోఫాల షాపువాళ్ళు యాడ్లు మానుకుంటే వాళ్ళ పక్క షాపువాళ్ళు వచ్చి చేరారు. ఎలక్షన్లప్పుడు పెద్ద పెద్ద నాయకులు స్టూడియోకి వచ్చి అన్నయ్య ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. ఒకసారి నేను ఉండబట్టలేక అన్నాను, "ఏంటన్నయ్యా, ఇది మన ఆదివారం ప్రసంగమే కదా. వాక్యం బదులు పేపర్లో వార్త, తర్వాత దృష్టాంతం, తర్వాత మరి నీ సంగతేంటి. ఆమేన్ ఒక్కటే తక్కువ."

అన్నయ్య పగలబడి నవ్వాడు. "ఆమేన్ ఫోన్ చేసేవాళ్ళు చెప్తారే పిచ్చిమొహమా!"

ఇంకో మాట కూడా గొప్పగా చెప్పుకునేవాడు. తిట్టినా సరే, ఫోన్ చేసినవాళ్ళ లైను కట్ చేయడం తన ఇంటా వంటా లేదని. అది నిజమే. ఎంత బండబూతులకు దిగినవాళ్ళనైనా "చెప్పండి సార్, చెప్పండి" అని వింటూనే ఉండేవాడు.

మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం కూడిక జరుగుతుంది. పాటలు, వాక్యం, తర్వాత ప్రార్థన మనవులు. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటారు, ఒకరు అందరి కోసం పైకి ప్రార్థన చేస్తారు, అది ఎప్పుడూ అన్నయ్యే. తర్వాత పులిహోర, బిర్యానీ, టీ. ఎవరి కష్టమైనా తీరితే ఆ వారం లేచి సాక్ష్యం చెబుతారు. ఆ గదిలో విన్నది గుమ్మం దాటకూడదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. భర్త కొట్టే భార్యలు చెప్పుకున్నారు, ఉద్యోగాలు పోయినవాళ్ళు చెప్పుకున్నారు. ఒకప్పుడు అన్నయ్య కూడా ఆ కార్పెట్ మీదే మోకాళ్ళేసి చెప్పుకున్నాడు. అదేమిటో వస్తుంది, ఆగండి.

మా బేస్‌మెంట్లో ఒక పిల్ల అద్దెకుండేది. తుని నుంచి చదువుకోవడానికి వచ్చింది, చదువైపోయి పని చేసుకుంటోంది. సన్నగా రివటలా ఉండేది కానీ పాట ఎత్తుకుంటే గది నిండిపోయేది. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని పాడేది. మా అమ్మాయికి తెలుగు పాట అంటే మొహం చిట్లించే అలవాటు, అది కూడా "షీ ఈజ్ సో గుడ్, మామ్" అని ఫోన్ పక్కన పెట్టి వినేది.

ఒక శుక్రవారం మనవులప్పుడు ఆ పిల్ల చాలాసేపు కార్పెట్ గీరుతూ కూర్చుని, చివరికి నోరు విప్పింది. "నా వర్క్ పర్మిట్ ఎక్స్‌పైర్ అయిపోయిందండీ. కన్సల్టెంట్ అప్లై చేశానన్నాడు, చేయలేదు. ఇప్పుడు స్టేటస్ మళ్ళీ ఇమ్మని నేనే అప్లై చేసుకున్నా. రిజల్ట్ వచ్చేదాకా పని చేయకూడదంటండీ. కానీ అద్దె, తిండి... రెస్టారెంట్లో వెనకాల కిచెన్‌లో చేస్తున్నా. ఎవరికైనా తెలిస్తే నా అప్లికేషన్ పోతుంది. ప్రార్థన చేయండి."

అద్దె అన్న మాట వినగానే నేను మా ఆయన వైపు చూశాను, ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు. ఆ నెల నుంచి అద్దె అడగకూడదని ఇద్దరం మాట్లాడుకోకుండానే అనుకున్నాం. ఇంతలో అన్నయ్య లేచి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా, ఈ బిడ్డ నీ బిడ్డ. మూసిన తలుపు నువ్వు తెరువు" అని మొదలుపెట్టి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని, అన్నయ్య నిజంగా ఏడిస్తే కింది పెదవి వణుకుతుంది. ఆ రోజు వణికింది. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది అదే.

నేను స్కూలు బస్సు నడుపుతాను. సోమవారం పొద్దున్న పిల్లల్ని దింపేసి, ఎవరైనా చిన్న పిల్లలు సీట్లలో నిద్రపోయి మిగిలిపోయారేమోనని చివరిదాకా నడిచి చూసుకుని వచ్చి, స్కూలు పార్కింగ్‌లోనే కాసేపు ఆగాను. మంచు పడుతోంది. ఫ్లాస్కులో టీ పోసుకుని రేడియో పెట్టాను. అన్నయ్య మంచి ఊపు మీద ఉన్నాడు. నిబంధనలు పాటించి లైన్లో నిలబడ్డవాళ్ళు వెర్రివాళ్ళా అని అడుగుతున్నాడు. నిజమే కదా అనుకున్నాను. మేము లైన్లో నిలబడి వచ్చినవాళ్ళమే మరి. టీ తాగుతూ తలూపుతున్నాను.

"మీకొక అమ్మాయి గురించి చెబుతాను" అన్నాడు ఇంగ్లిష్‌లో. "మా సొంత మనుషుల్లో పిల్ల. పర్మిట్ లేదు. ఒక ఇంటి బేస్‌మెంట్లో ఉంటుంది. పగలంతా రెస్టారెంట్ కిచెన్‌లో దొంగచాటుగా పని. శుక్రవారం వచ్చేసరికి కళ్ళు మూసుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని దేవుడి పాటలు పాడుతుంది. ఎంత అందంగా పాడుతుందో చెప్పలేను. కానీ చట్టం సంగతేంటి?"

కప్పు పక్కన పెట్టి రేడియో సౌండు పెంచాను. నేను విన్నది అదేనా, ఇంకెవరి గురించైనా చెబుతున్నాడా? బేస్‌మెంటు మాది. శుక్రవారం మాది. చేతులు గుండెల మీద పెట్టుకునేది ఈ ఊళ్ళో ఇంకెవరు? "ఓరి దేవుడా" అని పైకే అన్నాను, ఖాళీ బస్సులో ఎవరున్నారు వినడానికి. అన్నయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నాకు తెలుసు, మా ఊరి చర్చిలో ఆడవాళ్ళు మెడలు తిప్పుకునే చోట ఆగేవాడు. తర్వాత "మరి మీ సంగతేంటి? ఫోన్ చేసి చెప్పండి" అన్నాడు. చేశారు. అలాంటిదాన్ని వెంటనే పంపేయాలని ఒకడు. ఆ రెస్టారెంట్ ఏదో చెప్పమని ఒకడు. బేస్‌మెంట్ ఇచ్చిన ఇంటివాళ్ళని కూడా పట్టుకోవాలని ఇంకెవరో ఆవిడ, మర్యాదగా, తియ్యగా.

మధ్యాహ్నం మళ్ళీ బస్సు తీసేలోపు అన్నయ్య ఇంటికి వెళ్ళాను. చెప్పులు కూడా సరిగ్గా విప్పలేదు. భోజనానికి కూర్చున్నాడు, వదిన పప్పుచారు పోస్తోంది.

"రామ్మా, అన్నం తిందువుగాని" అంది వదిన.

"అన్నం సంగతి తర్వాత వదినా. అన్నయ్యా, అసలు నువ్వు మనిషివేనా? ఆ పిల్ల ప్రార్థన చేయమని చెప్పుకుంటే రేడియోలో పెడతావా?"

"పేరు చెప్పానా?" అన్నాడు, ముద్ద కలుపుతూనే. "పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు. దృష్టాంతం చెప్పా. ఎప్పుడూ చెప్పేదే కదా."

"పాట పాడుతుందని చెప్పావు. చేతులెక్కడ పెట్టుకుంటుందో కూడా చెప్పావు. ఇంకా పేరెందుకు?"

"నువ్వు ఊరికే గోల చేయకు. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు, ఆ అప్లికేషన్ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నా. పొద్దున్న కూడా చేశా."

"మేమొచ్చిన కొత్తలో నీ పర్మిట్ అయిపోయినప్పుడో? ఇమిగ్రేషన్‌వాళ్ళు వస్తారేమోనని పనికెళ్ళడానికి కూడా భయపడ్డావని వదిన ఎన్నిసార్లు చెప్పింది? మా ఇంట్లోనే కదా మోకాళ్ళేసి ఏడ్చావు? గదినిండా ఉన్నాం. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు బయట నోరెత్తారా?"

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. అన్నయ్య నా వైపు చూసి నెమ్మదిగా అన్నాడు, "అది వేరే విషయం. నేను చట్టాన్ని గౌరవించేవాణ్ణి." తర్వాత అప్పడం అడిగాడు. అప్పడం!

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి ఫోన్ చూపించింది. "మామ్, ఇట్స్ ఇన్ ఆల్ ద గ్రూప్స్." ఆ ముక్క ఒక్కటే కత్తిరించి అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. రెస్టారెంట్ ఓనరు భయపడి ఆ పిల్లను రేపటి నుంచి రావద్దన్నాడట. నేను మెట్లు దిగి వెళ్ళేసరికి సూట్‌కేసు తెరిచి పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఉండమ్మా, ఎక్కడికెళ్తావు? అద్దె వద్దు నాకు. ఎవరొచ్చినా నేను మాట్లాడతా" అన్నాను.

"వద్దాంటీ. మీకు కూడా ప్రాబ్లమ్ అవుతుంది." బట్టలు మడత పెడుతూనే ఉంది. కాసేపటికి తలెత్తి అడిగింది, "ఆంటీ, ప్రార్థన చేసేటప్పుడు అంకుల్ ఏడ్చారు కదా?"

ఏడవలేదని చెబుదామంటే ఏడ్చాడు. ఆ పిల్ల తల మీద చెయ్యి వేద్దామని వెళ్ళి, అన్నయ్య చెయ్యి గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. మర్నాడు ఆ పిల్ల స్నేహితురాలు ఎవరో కారేసుకుని వచ్చి తీసుకెళ్ళింది. బేస్‌మెంట్ అద్దంలా తుడిచి, తాళం చెవి మైక్రోవేవ్ మీద పెట్టి వెళ్ళింది. ఎక్కడికని అడిగితే "చెప్తానాంటీ" అంది, చెప్పలేదు.

ఆ మర్నాడు పిల్లల్ని దింపేసి, అదే పార్కింగ్‌లోంచి అన్నయ్య షోకి ఫోన్ చేశాను. చెప్పి తీరాలనుకున్నాను. ఈ చట్టాన్ని గౌరవించే పెద్దమనిషి ఒకప్పుడు పర్మిట్ లేకుండా ఎక్కడెక్కడ పని చేశాడో, ఊరంతా వినేలా చెప్పాలనుకున్నాను. ఫోన్ తీసిన అమ్మాయి ఏ విషయం గురించని అడిగితే "ఇమిగ్రేషన్" అన్నాను. చాలాసేపు ఆగాక అన్నయ్య గొంతు వచ్చింది, నా చెవిలోనే, ఎంతో మర్యాదగా. "గుడ్ మార్నింగ్, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

"బ్రాంప్టన్ నుంచి" అన్నాను.

ఒక్క మాటతో గుర్తుపట్టేశాడు. అవతల ఊపిరి ఆగడం వినిపించింది. మాట నా నాలుక చివర ఉంది. అన్నయ్య కార్పెట్ మీద మోకాళ్ళేసి ఏడ్చిన సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. అది కూడా ఆ గదిలో చెప్పుకున్నదే కదా. నేను బయట పెడితే అన్నయ్యకీ నాకూ తేడా ఏముంది? ఇంకేమీ రాక, తెలుగులోనే అన్నాను. "అన్నయ్యా, ఆ పిల్ల ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది."

లైను కట్ అయిపోయింది. రేడియోలో ట్రాఫిక్ సంగతులు వచ్చాయి, హైవే మీద ఏదో ట్రక్కు బోల్తా పడిందని. బండబూతులు తిట్టినవాళ్ళను విన్న మనిషి, నా ఒక్క మాటకు ఫోన్ పెట్టేశాడు.

ఇంత జరిగాక అన్నయ్యకు ఏదో ఒక దెబ్బ తగులుతుందనుకున్నాను. స్టేషన్‌కి కంప్లైంట్లు వెళ్ళాయని విన్నాను. ఏమైందో తెలుసా? ఆ ముక్కను అంతమంది విన్నారని, ఇంకా పెద్ద స్టేషన్‌వాళ్ళు పిలిచి సాయంత్రం షో ఇచ్చారు. బస్‌స్టాపుల మీద అన్నయ్య నవ్వు మొహం పెట్టారు. నేను బస్సు నడుపుతుంటే మలుపు మలుపునా నన్నే చూస్తుంది. ఇదేం లోకమో నాకు అర్థం కాదు.

అదంతా తర్వాత. ముందు ఆ వారం శుక్రవారం రానే వచ్చింది. అన్నయ్య రాడేమో అనుకున్నాను, ఎప్పటిలా అందరికీ "వందనాలండీ" అంటూ వచ్చి తన చోట కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పాటలయ్యాయి. పాడటానికి ఆ పిల్ల లేదు కాబట్టి ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్ళు పాడారు. వాక్యం అయింది.

"ప్రార్థన మనవులు ఉంటే చెప్పండి" అన్నాడు అన్నయ్య.

ఒక్కొక్కరూ బైబిల్ మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. హీటరు చప్పుడు వినిపిస్తోంది. మా చర్చిలో పెద్దావిడ ఒకరున్నారు, స్కానింగ్‌లో ఏదో నీడ కనిపించిందని మొన్ననే నా చెయ్యి పట్టుకుని చెప్పారు. అన్నయ్య ఆవిడ వైపు తిరిగి "చెప్పండి ఆంటీ, ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని, "నాకేంటి బాబూ, దేవుడు బాగానే చూస్తున్నాడు" అన్నారు. ఆ పక్కాయన "స్తోత్రం, అంతా క్షేమమే" అన్నాడు. ఆ పక్కావిడా అదే మాట. అలా గది చుట్టూ తిరిగి తిరిగి వదిన దగ్గరికి వచ్చింది. వాళ్ళబ్బాయి యూనివర్సిటీ మానేశాడనీ, అన్నయ్యకు ఇంకా తెలియదనీ, అంతకు కాసేపటి ముందే వంటింట్లో నా భుజం మీద తల పెట్టి ఏడ్చిన మనిషి. మొగుడి మొహంలోకి చూసింది. "నాకేమీ లేవండి" అంది.

"అయితే దేవుణ్ణి స్తుతిద్దాం, అందరూ క్షేమంగా ఉన్నారు" అన్నాడు అన్నయ్య. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఎప్పుడూ లేనిది, చాలా తొందరగా అయిపోయింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ మా గదిలో ఎవరూ కష్టం చెప్పుకోలేదు. కూడిక మాత్రం జరుగుతోంది. బిర్యానీ తింటాం, వెళ్ళిపోతాం.

వసంతకాలంలో ఒక స్కూలు పిల్లల్ని ఆటల పోటీకి తీసుకుని, మాకు గంట దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊరు వెళ్ళాల్సి వచ్చింది. పిల్లలు ఆడుకుంటుంటే కాఫీ కోసం అక్కడొక షాపులోకి వెళ్ళాను. కౌంటర్ వెనక ఆ పిల్ల! టోపీ, యూనిఫారం, నలుగురికీ కనిపించే చోట నిలబడి ఆర్డర్లు తీసుకుంటోంది. అంటే పర్మిట్ వచ్చిందన్నమాటే. నాకు సంతోషంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఇదే మామూలు రోజుల్లో అయితే శుక్రవారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పేది, మేమందరం చప్పట్లు కొట్టేవాళ్ళం, నేను పాయసం చేసేదాన్ని.

"అమ్మాయ్, ఎలా ఉన్నావే?"

నన్ను చూసి నవ్వింది. నవ్వే ముందు నా వెనకాల ఇంకెవరైనా వచ్చారా అని తలుపు వైపు చూసింది. "బాగున్నానాంటీ."

"అప్లికేషన్ ఏమైందమ్మా? వచ్చేసిందా?"

గుడ్డ తీసుకుని తుడిచిన కౌంటరే మళ్ళీ తుడిచింది. "అంతా దేవుని కృప ఆంటీ."

"ఇక్కడెక్కడుంటున్నావు?"

"ఇక్కడే ఆంటీ, దగ్గర్లోనే."

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. నాక్కూడా! కాఫీ ఇచ్చి, చిల్లర వద్దని చెయ్యి అడ్డం పెట్టి, ముందుకు వంగి మెల్లగా అంది, "ఆంటీ, ఏమనుకోకండి. నన్ను ఇక్కడ చూసినట్టు శుక్రవారం ఎవరికీ చెప్పకండి ప్లీజ్. ప్రార్థనలో కూడా వద్దు."

"చెప్పనమ్మా" అన్నాను. వెనక లైన్లో మనుషులున్నారు, పక్కకు జరిగాను. బస్సెక్కి డ్రైవర్ సీట్లో కూర్చున్నాక కాఫీ తాగాలనిపించలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పేరు నేను దేవుడితో కూడా పైకి అనడం లేదు.